శాలువాలు సరే, మ్యాచ్‌లేవీ?

ఫుట్‌బాల్ ప్రపంచకప్ వచ్చిన ప్రతిసారీ మన ఆఫీసుల్లో ఓ డైలాగు గ్యారంటీగా వినిపిస్తుంది. "నూట నలభై కోట్ల మందిలో పదకొండు మంది దొరకరా?" అని. కాఫీ మెషీన్ దగ్గర ఒకరు అంటారు, పక్కనున్నవాళ్ళు నిట్టూరుస్తారు, ఇంకొకాయన "మన జీన్స్‌లోనే లేదండీ" అని తీర్పు చెప్పేస్తాడు. తర్వాత అందరూ ఎవరి సీట్లకి వాళ్ళు వెళ్ళిపోతారు.

నాకు ఈ డైలాగంటే చాలా ఏళ్ళుగా ఒళ్ళుమంట. పొద్దున లేస్తే డేటాతో పనిచేసేవాళ్ళం, డినామినేటర్ ఇంత తప్పుగా ఎలా వేస్తాం? కింద రాయాల్సింది దేశ జనాభాని కాదు. ఏడాదికి కనీసం ఇరవై అసలైన మ్యాచ్‌లు, అంటే రిఫరీ ఉండి, అవతల ఓడిపోవడం ఇష్టంలేని పదకొండు మంది ఉండి, స్కోరు ఎక్కడో రాసిపెట్టే మ్యాచ్‌లు ఆడే పిల్లలు ఎంతమంది అన్నది రాయాలి. అమ్మాయిల విషయంలో ఆ అంకె వేసి చూస్తే, మనకి ఈ మాత్రం ఫార్వర్డ్‌లు రావడమే వింత.

అవును, ఈ టపా అమ్మాయిల ఫుట్‌బాల్ గురించే. "అమ్మాయిల ఫుట్‌బాలా!" అని విండో మూసేసేవాళ్ళు మూసెయ్యొచ్చు. మిగతావాళ్ళకి చివర్లో ఓ బిల్లు కూడా ఉంది, ముందే చెప్తున్నా.

నాది హన్మకొండ కాబట్టి లెక్క మా ఊరి నుంచే మొదలుపెడతా. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షలు. 1995లో నార్వే అనే దేశం మొత్తం జనాభా సుమారు 43 లక్షలు. అంటే మన పాత జిల్లాకి ఇంకో పావు వంతు కలిపితే నార్వే అన్నమాట. ఆ ఏడాదే వాళ్ళ అమ్మాయిలు స్వీడన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో జర్మనీని 2-0తో ఓడించి కప్పు పట్టుకెళ్ళారు. ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ గోల్స్ (6) కొట్టిన ఆన్ క్రిస్టిన్ ఆరోనెస్ కూడా ఆ ఊళ్ళ పిల్లే. ఐదేళ్ళ తర్వాత, 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఫైనల్లో డాగ్నీ మెల్‌గ్రెన్ అనే మరో ఫార్వర్డ్ అదనపు సమయంలో గోల్డెన్ గోల్ కొట్టి అమెరికాని 3-2తో ఇంటికి పంపింది. యూరోపియన్ ఛాంపియన్‌షిప్ అప్పటికే రెండుసార్లు (1987, 1993) గెలిచి ఉన్నారు.

ఇక్కడ మన కాఫీ మెషీన్ మేధావి వెంటనే అంటాడు: "వాళ్ళకి ఆయిల్ ఉంది సార్, డబ్బుంది."

సరే, ఆయిల్ ఉంది. అయితే లిండా మెడలెన్ కథ వినండి. 1987లో నార్వే జట్టులోకి వచ్చిన ఫార్వర్డ్. 1999 ప్రపంచకప్ ఆడి ఆపేసింది. మొత్తం 152 మ్యాచ్‌లు, 64 గోల్స్. 1988లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఫిఫా ఒక ట్రయల్ టోర్నమెంట్ పెట్టింది, ఆడవాళ్ళకి ప్రపంచకప్ పెడితే నడుస్తుందా లేదా చూద్దామని. మన భాషలో చెప్పాలంటే పైలట్ ప్రాజెక్టు. దాని ఫైనల్లో నార్వే 1-0తో గెలిచింది, ఆ ఒక్క గోలూ మెడలెన్‌ది. పైలట్ సక్సెస్ అయ్యి 1991లో నిజం ప్రపంచకప్ జరిగితే, ఫైనల్లో అమెరికా చేతిలో 2-1తో ఓడారు. ఆ ఒకటి కూడా ఆవిడదే. 1995లో కప్పు గెలిచిన జట్టులోనూ ఉంది.

మరి ఆవిడ ఉద్యోగం ఏంటనుకుంటున్నారు? ఓస్లోలో పోలీసు. ప్రపంచ ఛాంపియన్ డ్యూటీ చేసుకుంటూ ఫుట్‌బాల్ ఆడింది. నార్వే ఫుట్‌బాల్ సమాఖ్య దగ్గర ఆయిల్ డబ్బులుంటే ఉన్నాయేమో గానీ, అవి ఆవిడ జీతంలో మాత్రం పడలేదు. ఆవిడకి దొరికింది వేరే. వారం వారం మ్యాచ్. 1984లోనే అక్కడ అమ్మాయిలకి జాతీయ స్థాయి లీగ్ పెట్టేశారు. అంటే మెడలెన్ జాతీయ జట్టులోకి వచ్చేసరికి లీగ్‌కి మూడేళ్ళు.

అంతకు ముందు వాళ్ళు మాత్రం మహానుభావులేం కాదు. నార్వే సమాఖ్య ఆడవాళ్ళ ఆటని అసలు గుర్తించిందే 1976లో. మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 1978లో. ఇంకా నచ్చే ముక్క ఏంటంటే, 1986లో మెక్సికోలో ఫిఫా మహాసభ జరిగినప్పుడు ఎలెన్ విల్లే అనే నార్వే ప్రతినిధి లేచి, ఆడవాళ్ళకి ప్రపంచకప్ ఏదీ అని అడిగింది. ఫిఫా మహాసభలో ఒక ఆడమనిషి మాట్లాడటం అదే మొదటిసారి. ఆ ప్రశ్న అడిగాకే గ్వాంగ్‌డాంగ్, ఆ తర్వాతే మిగతావన్నీ.

ఇప్పుడు మన సంగతి. మన దేశంలో మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య 1975లో పుట్టింది. నార్వే వాళ్ళు గుర్తించిన దానికి ఒక ఏడాది ముందు! 1980లో కాలికట్‌లో, 1983లో బ్యాంకాక్‌లో, ఆసియా కప్‌లో మన జట్టు రెండుసార్లూ రన్నరప్. ఆ రోజుల్లో ఆసియాలో ఆడే దేశాలే తక్కువ, ఒప్పుకుంటా. అయినా రన్నరప్ రన్నరపే. 1983లో బెంగాల్‌కి చెందిన శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు కూడా వచ్చింది. అంటే అప్పటికి రెండు దేశాలూ దాదాపు ఒకే గీత మీద నిలబడి ఉన్నాయి. జీన్స్ అప్పుడూ ఇవే కదండీ?

తర్వాత ఏమైంది? వాళ్ళు 1984లో లీగ్ పెట్టారు. మన జాతీయ మహిళా లీగ్, అదే ఐడబ్ల్యూఎల్, 2016-17లో మొదలైంది. ముప్ఫై రెండేళ్ళు. ఈ మధ్యలో ఎంతమంది మెడలెన్‌లు మన దగ్గర పుట్టి, టెంత్ పాసై, పెళ్ళిళ్ళు చేసుకుని, ఇప్పుడు మనవరాళ్ళని ఎత్తుకుని తిరుగుతున్నారో ఎవరు చెప్పగలరు? ఆ ముప్ఫై రెండేళ్ళూ మనం ఏం చేశాం? ఏడాదికోసారి నేషనల్స్ పెట్టాం. పదిహేను రోజుల క్యాంపు, నాలుగైదు మ్యాచ్‌లు, గ్రూప్ ఫోటో, రైలెక్కి ఇంటికి.

ఫార్వర్డ్ అన్నది చిత్రమైన ఉద్యోగం. డిఫెండర్‌ని కొంతవరకు డ్రిల్స్‌తో తయారు చెయ్యొచ్చు. గోల్‌కీపర్‌కి రోజంతా బంతులు విసిరి నేర్పొచ్చు. ఫార్వర్డ్ మాత్రం మిస్ చేస్తూ చేస్తూ నేర్చుకోవాలి. ఎనభయ్యో నిమిషంలో, కాళ్ళు లాగేస్తుంటే, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని గుంజుతుంటే, వచ్చిన ఒక్క బంతిని ఏం చెయ్యాలో ప్రాక్టీస్‌లో తెలీదు. మనవాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్తా: ప్రాక్టీస్ డెవ్ బాక్సు, మ్యాచ్ ప్రొడక్షన్. డెవ్‌లో ఎన్ని నెలలు అద్భుతంగా నడిచినా, లోడు పడితే గానీ బయటపడని బగ్గులు కొన్ని ఉంటాయి. మనం అమ్మాయిల్ని ఏళ్ళ తరబడి డెవ్‌లోనే ఉంచి, ఒక్కసారిగా థాయ్‌లాండ్ మీదకి రిలీజ్ చేసి, క్రాష్ అయితే జీన్స్‌ని తిడుతున్నాం.

నార్వేలో మెడలెన్ తర్వాతి తరం చూడండి. ఇసబెల్ హెర్లోవ్‌సెన్ అని ఒకావిడ. 2005 యూరో ఆడినప్పటికి ఇంకా పదిహేడు నిండలేదు, అప్పటికే ఫ్రాన్స్ మీద గోల్ కొట్టింది. 2019 ప్రపంచకప్‌లో కూడా గోల్స్ కొట్టింది. మధ్యలో పద్నాలుగేళ్ళు. 133 మ్యాచ్‌లు, 67 గోల్స్. ఆ అంకెల్లో మ్యాజిక్ ఏమీ లేదు. పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆవిడకి వచ్చే శనివారం ఎవరితో మ్యాచో తెలుసు, అంతే.

(అలాగని నార్వే స్వర్గం అనుకోకండి. 2018లో బాలన్ డి'ఓర్ మొదటిసారి ఆడవాళ్ళకి ఇచ్చినప్పుడు అది గెలిచిన ఆడా హెగెర్‌బెర్గ్ నార్వే పిల్లే. కానీ తమ సమాఖ్య అమ్మాయిల ఆటని పట్టించుకునే తీరు నచ్చక 2017లో జాతీయ జట్టు వదిలేసి, 2022 దాకా తిరిగి రాలేదు. ప్రపంచంలోకెల్లా మంచి క్రీడాకారిణి లేకుండానే 2019 ప్రపంచకప్‌కి వెళ్ళారు వాళ్ళు. సమాఖ్యలు ఎక్కడైనా సమాఖ్యలే.)

నార్వే మరీ దూరం అంటే మణిపూర్ రండి. 2011లో మణిపూర్ జనాభా 28 లక్షల చిల్లర. మన పాత వరంగల్ జిల్లా కన్నా తక్కువ! ఆయిల్ లేదు, ఐటీ లేదు, ఉన్నదల్లా కష్టాలే. అక్కడ నుంచి ఒయినమ్ బెంబెం దేవి వచ్చింది, పద్మశ్రీ (2020) తెచ్చుకుంది. బాలా దేవి వచ్చింది. 2020లో స్కాట్లాండ్‌లోని రేంజర్స్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుని, అదే ఏడాది అక్కడ గోల్ కొట్టిన ఫార్వర్డ్. బాలా దేవి ఉద్యోగం ఏంటో ఊహించండి. మణిపూర్ పోలీస్! మెడలెన్‌కీ ఈవిడకీ ఎంత దగ్గరి చుట్టరికమో చూశారా? పేటకో క్లబ్బు, క్లబ్బుకో గ్రౌండు, ఆడే పిల్లకి ఓ ప్రభుత్వ ఉద్యోగం. రాకెట్ సైన్సేం కాదు.

ఇక మన తెలుగు గడ్డ. "మనకి ఫుట్‌బాల్ కల్చర్ లేదు" అనేవాళ్ళకి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పాలనిపిస్తుంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన జట్టది. ఆ జట్టు కోచ్ రహీం సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన భారత జట్టుకీ కోచ్. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఫార్వర్డ్. మరి బలరామ్ ఆడింది ఎక్కడ? 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు, అక్కడే స్థిరపడ్డాడు, 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. ఆరోగ్యం దెబ్బతిని ముప్ఫై నిండకముందే ఆట మానేసిన ఆ పెద్దమనిషి పేరు తెలిసిన హైదరాబాదీలు ఎంతమందో మీ టీమ్‌లో అడిగి చూడండి.

అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ అదే కథ. సౌమ్య గుగులోత్. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, ఫార్వర్డ్. కేరళ వెళ్ళి గోకులం తరఫున ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్ళి డినామో జాగ్రెబ్‌కి ఆడింది. తర్వాత ఈస్ట్ బెంగాల్. 2024-25 ఐడబ్ల్యూఎల్ గెలిచిన జట్టు అదే. 2025లో దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఏఐఎఫ్ఎఫ్ అవార్డు ఈ అమ్మాయికే వచ్చింది. అదే ఏడాది జూలైలో చియాంగ్‌మాయ్‌లో థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించిన క్వాలిఫయర్స్ జట్టులోనూ ఉంది.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. ఆ 2024-25 లీగ్‌లో ఎనిమిది క్లబ్బులు. కోల్‌కతావి రెండు, ఒడిశావి రెండు, కేరళ, బెంగళూరు, మదురై, ఢిల్లీ ఒక్కోటి. తెలుగు రాష్ట్రాల నుంచి ఎన్ని? సున్నా. దేశంలోకెల్లా మంచి ఫార్వర్డ్ మన తండా నుంచి వచ్చింది, ఆమె ఆడటానికి మాత్రం రెండు రాష్ట్రాల్లో కలిపి ఒక్క క్లబ్బు లేదు. క్రొయేషియా జనాభా ఎంతో తెలుసా? 2021లో సుమారు 39 లక్షలు. మళ్ళీ మన పాత వరంగలంత! వరంగలంత దేశం ఓ నిజామాబాద్ అమ్మాయికి లీగ్ చూపించగలిగింది, మనం చూపించలేకపోయాం.

అవార్డు వచ్చినప్పుడు మాత్రం మనం ఉంటాం. "తెలంగాణ బిడ్డ", "తెలుగు తేజం". వాట్సాప్ స్టేటస్‌లు. ఫ్లెక్సీలు. ఏ మీటింగుకి వచ్చినా ఒక శాలువా, ఒక మెమెంటో, ముఖ్య అతిథి గారి నలభై నిమిషాల ప్రసంగం. ఆ ప్రసంగంలో "ఈమెను ఆదర్శంగా తీసుకుని" అన్న ముక్క తప్పకుండా ఉంటుంది. తీసుకుని ఏం చెయ్యాలి సార్? ఎక్కడ ఆడాలి? ఎవరితో ఆడాలి?

మా ఇంట్లో కూడా ఒక రిటైరైన ఫార్వర్డ్ ఉంది. మా అక్క కూతురు. ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ పీఈటీ సారు పిల్ల పరుగు చూసి బంతి చేతికిచ్చాడు. ఎడమ కాలు. గేట్ దగ్గర స్కూల్ బస్సు హారన్ కొడుతున్నా గ్రౌండ్ వదిలేది కాదు. రెండేళ్ళు రోజూ ప్రాక్టీస్ చేసింది. ఆ రెండేళ్ళలో ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో తెలుసా? మూడు. సెలెక్షన్ల పేరుతో ఓ రోజు రెండు, ఎవరిదో పుట్టినరోజు సందర్భంగా పెట్టిన టోర్నమెంట్‌లో ఒకటి. రెండు గోల్స్ కొట్టింది. తొమ్మిదిలోకి రాగానే బడివాళ్ళు ఫౌండేషన్ బ్యాచ్‌లో వేసి గేమ్స్ పీరియడ్ తీసేశారు. "మేడమ్, అమ్మాయికి మ్యాథ్స్ బాగా వస్తుంది, ఎందుకు వేస్ట్ చేస్తారు?" అన్నారట మా అక్కతో. మా అక్కకీ అది న్యాయంగానే తోచింది. బడి పేరు అనవసరం, హన్మకొండలో మీకు తెలిసిన ఏ పేరు పెట్టుకున్నా సరిపోతుంది.

మొత్తం కెరీర్: మూడు మ్యాచ్‌లు, రెండు గోల్స్, రిటైర్మెంట్ పద్నాలుగో ఏట. సగటు చూస్తే మెడలెన్ కన్నా మెరుగే! ఆ పిల్ల గొప్ప ప్లేయర్ అయ్యేదని నేను అనను. అయ్యేదో కాదో ఎవరికీ తెలీదు, అదే నా ఏడుపు. ముప్ఫై మ్యాచ్‌లు ఆడి ఉంటే తేలిపోయేది. ఆటలో పనికిరాదని తేలి మ్యాథ్స్‌కి వెళ్తే అదో లెక్క. ఎవరూ చూడకుండానే కొట్టేయడం ఇంకో లెక్క.

వరంగల్‌లో పిల్లలు లేరా, ఉన్నారు. పర్వతగిరి మండలం కల్లెడ అనే ఊరు తీసుకోండి. ఆ ఊరి అమ్మాయి వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆర్చరీలో ఆడింది. అదే కల్లెడ అమ్మాయి జీవన్‌జీ దీప్తి 2024 మేలో కోబెలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టీ20 విభాగం 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒక్క పల్లెటూరు, ఇద్దరు! ఆ ఊరి నీళ్ళలో ఏదో ఉందని కాదు. అక్కడి బడిలో ఆటల్ని సీరియస్‌గా తీసుకున్నారు. చూసే కన్ను ఒకటి ఉంది. చూసిన తర్వాత పిల్లని ఎక్కడికి పంపాలో తెలిసిన మనిషి ఉన్నాడు.

దీప్తికి ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. బంగారంగా ఇవ్వాల్సిందే, ఇంకా ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఆ పిల్లా, ఆ తల్లిదండ్రులూ పడ్డ అవమానాలకి అది ఏ మూల? నా గొడవ వేరే. గీత దాటాక ఇచ్చే దానికి మన దగ్గర జీవోలున్నాయి, స్టేజీలున్నాయి. గీత గీయడానికి సున్నం డబ్బులు మాత్రం ఏ పద్దులోనూ ఉండవు. పైగా పరుగుకి స్టాప్‌వాచ్ చాలు, ఒంటరిగా పరిగెత్తినా టైము టైమే. ఫుట్‌బాల్‌కి అవతల ఇంకో జట్టు కావాలి. ఒక కల్లెడ సరిపోదు, ఎనిమిది కల్లెడలు కావాలి.

పైవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2022 ఆగస్టులో ఏఐఎఫ్ఎఫ్ కుర్చీల గొడవ ముదిరి ఫిఫా మన దేశాన్ని సస్పెండ్ చేసింది. సరిగ్గా ఆ సమయానికి గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ టోర్నమెంట్ ఆడదామని తాష్కెంట్‌లో దిగి ఉన్నారు. ఒక్క మ్యాచ్ ఆడకుండా వెనక్కి వచ్చారు. పదకొండు రోజులకి సస్పెన్షన్ ఎత్తేశారు గానీ, అప్పటికి అమ్మాయిల టోర్నమెంట్ పోయింది. కుర్చీలకేమీ కాలేదు.

లీగ్ పెట్టాక కూడా ఎన్ని మ్యాచ్‌లో చూడండి. 2024-25లో ఒక్కో ఐడబ్ల్యూఎల్ జట్టు ఆడినవి 14. అదే సమయంలో నార్వే టాప్ లీగ్‌లో ఒక్కో జట్టుకి 27. మిగతా ఏడాదంతా మన అమ్మాయిలు బెంచ్ మీద అన్నమాట, మన భాషలో. మనకి బెంచ్ మీద కూడా జీతం పడుతుంది. వాళ్ళకి? 2023లో ఏఐఎఫ్ఎఫ్ ఒక నిబంధన పెట్టింది: ఐడబ్ల్యూఎల్ క్లబ్బు కనీసం పదిమంది భారతీయ అమ్మాయిలకి ఏడాదికి తక్కువలో తక్కువ 3.2 లక్షల కాంట్రాక్టు ఇవ్వాలని. ఆ అంకె ఎక్కడో విన్నట్టు లేదూ? క్యాంపస్‌కి వచ్చి గంపగుత్తగా ఎత్తుకెళ్ళే కంపెనీల ఫ్రెషర్ ప్యాకేజీ దాదాపు అంతే. అంటే దేశంలో పై మెట్టు మీదున్న ఫుట్‌బాల్ అమ్మాయికి నిబంధన హామీ ఇచ్చేది, ట్రెయినింగ్‌లో ఫర్ లూప్ నేర్చుకునే పిల్లాడి జీతం. అదీ పదిమందికే. ఆ మెట్టు దాకా వచ్చినవాళ్ళకే.

అందుకే ప్రభుత్వం చెయ్యాలి, సమాఖ్య చెయ్యాలి అని రాసి ఊరుకోను. వాళ్ళు చెయ్యాల్సిందే, నేను అడుగుతూనే ఉంటా. ఈలోపు బిల్లు మన ముందు పెడుతున్నా.

హన్మకొండ, వరంగల్, కాజీపేట చుట్టుపక్కల ఎనిమిది బడులు. అండర్-14 అమ్మాయిలు. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో రెండేసి సార్లు ఆడాలి. ఒక్కో పిల్లకి 14 మ్యాచ్‌లు, ఐడబ్ల్యూఎల్‌లో ఉన్నన్ని! మొత్తం 56 మ్యాచ్‌లు. ఒక మ్యాచ్‌కి బయటి జట్టు వచ్చి వెళ్ళడానికి వ్యాను మూడు వేలు. రిఫరీ, ఇద్దరు లైన్స్‌మెన్ కలిపి పదిహేను వందలు. ముప్ఫై మంది పిల్లలకి గుడ్లు, అరటిపళ్ళు, మజ్జిగ పదమూడు వందలు. సున్నం, బ్యాండేజీ, ఐస్ రెండు వందలు. ఆరు వేలు. 56 ఇంటూ ఆరు వేలు, 3,36,000. మళ్ళీ అదే ఫ్రెషర్ ప్యాకేజీ! (నేను కావాలని కుదర్చలేదు, ఎక్సెల్‌లో వచ్చాక నాకే నవ్వొచ్చింది. బంతులు, బూట్లు వేరే ఖర్చు, అది బడులతో తేల్చుకోవాలి.)

మన కాలేజీ సిల్వర్ జూబిలీలకి రిసార్టు, డీజే, పేరు రాసిన టీషర్టులు కలిపి ఎంతవుతుందో మీకు తెలుసు. మన ఆఫీసు కార్పొరేట్ లీగ్‌లో పొట్టలున్న మగాళ్ళం ఫ్లడ్‌లైట్ల కింద టర్ఫ్ మీద ఆడుకోవడానికి గంటకి ఎంత కడుతున్నామో కూడా తెలుసు. నేనూ ఆడతా, మానెయ్యమని చెప్పట్లేదు. నెలకి వెయ్యి చొప్పున ఇరవై ఎనిమిది మంది కలిస్తే ఏడాదికి 3,36,000 వస్తుంది. ఒక మామూలు ప్రాజెక్టు టీమ్ సైజు.

షరతులు రెండే. ఫలానా వారి స్మారక అని పేరు పెట్టకూడదు. ఏ మ్యాచ్ వాయిదా పడకూడదు. వాన పడినా, వీఐపీ వచ్చినా, యూనిట్ టెస్టులున్నా శనివారం సాయంత్రం నాలుగింటికి బంతి నడవాలి. ఎవరు గెలిచారు, ఎవరు గోల్ కొట్టారు, ఎన్నో నిమిషంలో అన్నది ఒక షీట్‌లో ఎక్కాలి. ఆ షీట్ చూసుకోవడం నా పని. మూడేళ్ళ తర్వాత మన దగ్గర ఫార్వర్డ్‌లు ఉన్నారా లేదా అని ఎవరైనా కాఫీ మెషీన్ దగ్గర అడిగితే, జీన్స్ బదులు ఆ షీట్ చూపిస్తా.

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు ఇద్దరు పీఈటీ సార్లని కలిసి ఈ లెక్కంతా చెప్పాను. ఒకాయన వెంటనే సరేనన్నారు, వాళ్ళ గ్రౌండ్‌లో గోల్‌పోస్టులు కూడా ఉన్నాయి, ఒకటి వంగిపోయింది గానీ వెల్డింగ్ చేయిస్తామన్నారు. రెండో ఆయన అంతా విని, "ముఖ్య అతిథి ఎవరు సార్?" అన్నారు. ఎవరూ లేరని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అట్లయితే టెంట్ ఖర్చు మిగులుతది" అన్నారు.